పునాది తీయక ముందే: మీ నేలకు ఏ పురావస్తు పరిశీలన సరిపోతుంది?

జేసీబీ బకెట్‌లో ఒక ఇటుక వస్తుంది. చూడగానే తేడా తెలుస్తుంది: అడుగున్నర దాటిన పొడవు, దానికి సగం వెడల్పు, చేత్తో ఎత్తితే తెలిసే బరువు. మేస్త్రీ దాన్ని పక్కన పెట్టి ఓనర్‌కు ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ వచ్చాక ఓనర్‌కు మిగిలేవి మూడు దారులు. గుట్టుగా పూడ్చేసి పని సాగించడం, కబురు చేసి పని ఆపుకుని ఎదురుచూడడం, లేదా ఎవరో ఫోటో తీసి పేపర్‌కు ఇచ్చేదాకా టెన్షన్ పడుతూ కూర్చోవడం. మూడూ మంచివి కావు. మంచి దారులన్నీ ఆరు నెలల ముందే, లేఔట్ ఇంకా కాగితం మీద ఉన్నప్పుడే మూసుకుపోయాయి.

తవ్వకాల్లో డ్రాయింగులు గీసే పనితో మొదలై, ఇప్పుడు భూమి కొన్నవాళ్లు పిలిస్తే వెళ్లి నేల చూసి చెప్పే పనిలో ఉన్నాను. పిలిచేవాళ్లలో వెంచర్ వేసేవాళ్లు ఉంటారు, కాలేజీ కట్టాలనుకునే ట్రస్టులు ఉంటాయి, గోడౌన్ కోసం నాలుగెకరాలు కొన్న రైతులూ ఉంటారు. దాదాపు అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏదో రాడార్ మెషీన్ ఉందట కదా, అది తిప్పితే సరిపోతుందా?" కొన్ని నేలల్లో సరిపోతుంది. మన నేలల్లో చాలాచోట్ల సరిపోదు. ఏది ఎక్కడ పనికొస్తుందో, దేనికి ముందు దేన్ని ఎంచుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

మెషీన్ కన్నా ముందు గీత

మీ సర్వే నంబరుకు దగ్గర్లో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం గానీ దిబ్బ గానీ ఉందేమో చూడండి. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. ఆ తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత గుడి గోడ నుంచి కాదు, రక్షిత ప్రాంతం హద్దు నుంచి మొదలవుతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మొదటి 100 మీటర్లలో కొత్త నిర్మాణం కుదరదు. అక్కడ ఎంత ఖరీదైన పరిశీలన చేయించినా దండగే, ప్లాట్ మార్చుకోవడమే మార్గం. తర్వాతి 200 మీటర్లలో జాతీయ స్మారక ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. దానికి మీ షెడ్యూల్‌లో మూడు నెలల పైనే వేసుకోండి. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. రాష్ట్రాల రక్షణలో ఉన్న స్థలాలకు చట్టాలు వేరు: ఆంధ్రప్రదేశ్‌లో 1960 చట్టం, తెలంగాణలో 2017 వారసత్వ చట్టం. ఆ జాబితా కూడా విడిగా చూడాలి. కేంద్రం లిస్టులో లేదని ఊపిరి పీల్చుకుని, రాష్ట్రం లిస్టులో ఉందని రిజిస్ట్రేషన్ అయ్యాక తెలుసుకున్నవాళ్లను చూశాను.

ఈ గీతల బయట ఉన్న మామూలు ప్రైవేటు భూమిలో, పని మొదలుపెట్టే ముందు పురావస్తు పరిశీలన చేయించి తీరాలన్న సాధారణ నిబంధన మన దగ్గర లేదు. బ్రిటన్‌లో ఉంది. 1989లో లండన్‌లో ఆఫీసు భవనం పునాదుల కింద రోజ్ థియేటర్ బయటపడి పెద్ద గొడవయ్యాక, 1990 నుంచి అక్కడ ప్లానింగ్ అనుమతిలోనే ఈ పరిశీలనను చేర్చారు. ఖర్చు భవనం కట్టేవాడిదే. మన దగ్గర బలవంతం లేదు కాబట్టి ఎవరూ చేయించరు. ఆ మేస్త్రీ ఫోన్ అందుకే వస్తుంది.

భయం గురించి కూడా ఒక మాట. "పాత కుండల పెంకులు దొరికాయని చెబితే భూమి లాగేసుకుంటారు" అని ఊళ్లో అంటారు. పెంకులు దొరికినంత మాత్రాన ఏ భూమీ పోదు. కేంద్రం ఒక స్థలాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించాలంటే ముందు నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలకు రెండు నెలల గడువు ఇవ్వాలి. అయితే ప్రకటించాక పైన చెప్పిన 100, 200 మీటర్ల గీతలు మీ చుట్టూ పడతాయి. ఆ భయం అబద్ధమని నేను అనను. అందుకే ముందే తెలుసుకుని ప్లాన్ మార్చుకోవడం, తర్వాత దొరికి ఇరుక్కోవడం కన్నా చౌక అంటున్నాను. నాణేలో నగలో దొరికితే మాత్రం దాచే ప్రశ్నే లేదు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలి. పది రూపాయలు! ఆ అంకె ఇంతవరకు ఎవరూ మార్చలేదు.

కాగితాలూ, కాళ్లూ

అన్నిటికన్నా చౌకైన పరిశీలన ఇది. నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది కూడా ఇదే. రెండు మూడు రోజులు కాగితాల మీద, రెండు రోజులు నేల మీద.

కాగితాల్లో మొదట చూడాల్సింది పొలాల పేర్లు. పాటిదిబ్బ, పాటిగడ్డ, పాటిమీద చేను అని ఉంటే అక్కడ పాతకాలపు ఊరు ఉండి ఉంటుంది. రాకాసి గుళ్లు, పాండవుల గుళ్లు అంటే బృహత్ శిలాయుగంలో పెద్ద బండలతో కట్టిన సమాధులు కావచ్చు. అమరావతి స్తూపాన్ని కల్నల్ మెకంజీ 1797లో చూసేనాటికి జనం దాన్ని దీపాలదిన్నె అనేవారు. పేరు మిగిలింది, అది ఏమిటన్నది మాత్రం అందరూ మరిచిపోయారు. తర్వాత ఆ ఊరి కైఫీయతు, అంటే మెకంజీ కాలంలో రాయించిన ఊరి చరిత్ర, దొరుకుతుందేమో చూడండి. పాత టోపోషీట్లు (సర్వే శాఖ పటాలు) తీయండి. కరోనా అనే పేరుతో అమెరికా గూఢచారి ఉపగ్రహాలు 1960ల్లో తీసిన ఫోటోలను 1995లో రహస్య జాబితా నుంచి తీసేశారు. బోర్లూ బుల్డోజర్లూ రాకముందు మీ పొలం ఎలా ఉండేదో వాటిలో కనిపిస్తుంది. ఇప్పుడు చదునుగా ఉన్న చేనులో అప్పటికి గుండ్రటి దిబ్బ ఉంటే, ఆ ఒక్క ఫోటో రాడార్ రిపోర్టు కన్నా విలువైనది.

నేల మీద నడకకు కాలం ముఖ్యం. దున్ని, ఒక మంచి వాన పడ్డాక రావాలి. అప్పుడు పెంకులు కడిగినట్టు పైకి తేలతాయి. పైరు నిలిచి ఉన్నప్పుడు వచ్చి "ఏమీ లేదు" అని రాసిచ్చేవాణ్ణి నమ్మకండి. పది మీటర్ల ఎడంలో వరుసలుగా నడిచి, ఏ వరుసలో ఎన్ని పెంకులు, ఏ రకం, ఎక్కడ ఇటుక ముక్క, ఎక్కడ చిట్టెం అని గుర్తు పెట్టాలి. చిట్టెం కుప్పగా కనిపిస్తే అక్కడ ఇనుము కరిగించిన కొలిమి ఉండే అవకాశం ఉంది. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకులు వస్తే వెంటనే నేలను గీతలు గీసి భాగాలు చేయండి, సమాధులు దగ్గర్లో ఉండొచ్చు.

ఇక్కడ మన పల్లెలకే చెందిన ఒక మెలిక ఉంది. పాటిమన్ను బలమైన ఎరువని రైతులు తరతరాలుగా దిబ్బల నుంచి తోలి చేలకు చల్లారు. ఆ మన్నుతో పెంకులూ వెళ్లాయి. కాబట్టి పదెకరాల్లో పలుచగా, అరిగిన చిన్న ముక్కలుగా పెంకులు పరుచుకుని ఉంటే, అది అక్కడి ఊరు కాకపోవచ్చు, అరకిలోమీటరు అవతలి దిబ్బ నుంచి వచ్చిన ఎరువు కావచ్చు. ఒకేచోట దట్టంగా, అంచులు పదునుగా ఉన్న పెద్ద ముక్కలుగా, బూడిద మన్నుతో కలిసి ఉంటే అది అసలు స్థలం. ఈ తేడా ఏ మెషీనూ చెప్పదు. మన్ను తోలిన ట్రాక్టర్ డ్రైవర్ చెబుతాడు. గొర్రెల కాపరి చెబుతాడు. వాళ్లతో టీ తాగకుండా రిపోర్టు రాసేవాణ్ణి నేను పనిలో పెట్టుకోను.

నడకకు హద్దులూ ఉన్నాయి. డెల్టాలో వరద తెచ్చిన ఒండ్రు కింద పాత నేల మూసుకుపోయి ఉంటుంది, పైన ఒక్క పెంకు కూడా కనిపించకపోవచ్చు. చెరువు మట్టితో మెరక చేసిన చోట, ఎన్నో ఏళ్లుగా తోట ఉన్న చోట కూడా అంతే. అలాంటి నేలల్లో మాత్రమే తర్వాతి మెట్టుకు వెళ్లాలి.

మెషీన్లు: నేలను చూసి ఎంచుకోండి

మూడు రకాలు దొరుకుతాయి. మూడింటికీ పడని నేలలు ఉన్నాయి.

రాడార్ గురించి ముందు. అది నేలలోకి రేడియో తరంగాలు పంపి, లోపల గోడో ఖాళీయో తగిలితే తిరిగి వచ్చే ప్రతిధ్వనిని గీస్తుంది. పొడి ఇసుకలో, తెలంగాణ చల్కా (ఎర్ర ఇసుక) నేలల్లో, తీరంలోని ఇసుక దిబ్బల్లో బాగా పనిచేస్తుంది. రెండు మీటర్ల లోతు దాకా గోడల ఆనవాళ్లు ఇవ్వగలదు. నల్లరేగడి మాత్రం దానికి శత్రువు. రేగడిలోని బంకమన్ను, అందులోని తేమ కలిసి ఆ తరంగాన్ని మింగేస్తాయి. తడి రేగడిలో చాలాసార్లు మూరెడు లోతు దాటదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో రాడార్ తిప్పించి రంగురంగుల బొమ్మలు చేతికి తీసుకున్నవాళ్లు ఆ బొమ్మలను ఫ్రేము కట్టించుకోవచ్చు. ఒకచోట నాకే జరిగింది. ఒక సంస్థ రేగడి నేలలో సర్వే చేసి "గోడ" అని ఎర్రగా చూపించిన గీత, తీరా చూస్తే పాత నీటిపైపు. వాళ్లను తప్పు పట్టి లాభం లేదు. రేగడిలో రాడార్‌కు ఒప్పుకున్నది నేనే.

మాగ్నెటోమీటర్ వేరే రకం. మట్టిని బాగా కాలిస్తే దాని అయస్కాంత గుణం మారుతుంది. కొలిమి, ఇటుక బట్టీ, కుమ్మరి ఆవం, పొయ్యి, కాల్చిన ఇటుక గోడ లాంటివన్నీ దీనికి చిక్కుతాయి. రేగడి దీనికి అంత అడ్డు కాదు, వేగం కూడా ఎక్కువ. పెద్ద విస్తీర్ణానికి నేను మొదట అడిగేది ఇదే. కానీ ఇనుప కంచె, కరెంటు స్తంభం, బోరు కేసింగ్, పక్కనే ఆగిన లారీ, ఏదున్నా రీడింగు చెడుతుంది. నేల కింద నల్లరాతి డైకు (రాతి పగుల్లో గోడలా నిలిచిన పట్టీ) వెళుతుంటే అది గోడలా కనిపించి మోసం చేస్తుంది. బసాల్టు (లావా గడ్డకట్టిన నల్లరాయి) ప్రాంతంలో, అంటే ఆదిలాబాద్, వికారాబాద్ వైపు కొన్ని చోట్ల, ఆ రాతి గోలలో చిన్న సంకేతాలు వినపడవు. పైగా అన్ని లోహాలనూ పట్టేస్తుందని అనుకోకండి. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. సీసం మాగ్నెటోమీటర్‌కు కనిపించే లోహం కాదు. అవి బయటపడింది మనిషి చేత్తో చేసిన తవ్వకంలో.

మూడోది రెసిస్టివిటీ. కడ్డీలు గుచ్చి కరెంటు పంపి, నేల ఎంత అడ్డుపడుతుందో కొలుస్తారు. రాతి గోడ ఎక్కువ అడ్డుతుంది, పూడిపోయిన కందకం తక్కువ అడ్డుతుంది. నెమ్మది పని, కానీ కోట కందకాలు, రాతి పునాదులు వెతకడానికి దీనికి మించింది లేదు. మే నెల ఎండకు నోరు తెరిచిన నేలలో కడ్డీకి పట్టు దొరకదు. పెద్ద వాన పడిన మర్నాడు అంతా ఒకే రకంగా కనిపిస్తుంది. మన వాతావరణంలో దీనికి మంచి రోజులు వానలు తగ్గి నేల ఆరుతున్నప్పుడు, దసరా తర్వాత.

మూడింటిలో ఒకటే ఎంచుకోవాలంటే నా సలహా ఇలా: ఎర్ర ఇసుక నేల, పదెకరాల లోపు, రాతి కట్టడం అనుమానం ఉంటే రాడార్. రేగడి, ఇటుక గోడలు లేదా కొలిమి అనుమానం ఉంటే మాగ్నెటోమీటర్. గడి, కోట, కందకం ఉంటే రెసిస్టివిటీ. ఏ అనుమానమూ లేకుండా "ఊరికే చూద్దాం" అనుకుంటే ఏదీ వద్దు, ఆ డబ్బు నడకకు పెట్టండి. కంపెనీ ఏదైనా సరే, ముందు ఏమున్నదీ తెలిసిన అరెకరం మీద తిప్పి చూపించమనండి. అక్కడ తెలిసిన గోడను పట్టలేకపోతే తెలియని గోడను పట్టదు.

మెటల్ డిటెక్టర్ మాట ఎత్తకండి. అది కనిపించిన మర్నాడే ఊళ్లో గుప్తనిధుల కబురు పుడుతుంది. రాత్రిళ్లు పలుగులతో వచ్చేవాళ్లను ఏ వాచ్‌మన్ ఆపలేడు. అదే కారణంతో, ఏ పరిశీలన చేయించినా ఆ మ్యాపు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

గుంతా, ట్రెంచా?

నేలలో ఏముందో కచ్చితంగా చెప్పేది నేల తెరవడమే. కానీ ఇది మీ అంతట మీరు చేసే పని కాదు. పురావస్తు తవ్వకానికి కేంద్ర పురావస్తు శాఖ లైసెన్సు కావాలి, రాష్ట్ర శాఖ అయినా కేంద్రం అనుమతి తీసుకోవాలి. ప్రైవేటు ఓనర్ కూలీలను పెట్టి "చూద్దాం" అని తవ్వితే అది పరిశీలన అనిపించుకోదు.

మరి ఏం చేయాలి? నేను అందరికీ చెప్పే చిట్కా ఇది. భవనానికి ఎలాగూ సాయిల్ టెస్ట్ చేయిస్తారు. ఇంజనీర్ గుంతలు తీయిస్తాడు, బోర్లు వేయిస్తాడు. ఆ రోజున తవ్వకాలు తెలిసిన ఒక మనిషిని పక్కన నిలబెట్టండి. గుంత గోడలో బూడిద పొర, పెంకులు, కాలిన మన్ను, చదును చేసిన నేల గీత ఉంటే ఆయన అక్కడికక్కడే గుర్తుపడతాడు. అదనపు ఖర్చు ఒక రోజు జీతం. ఇంజనీర్ రిపోర్టులో "నింపిన మట్టి, 1.8 మీటర్ల దాకా" అని రాసినచోట నాకు పాత ఊరు కనిపించిన సందర్భాలు ఉన్నాయి.

ఏదైనా కనిపిస్తే శాఖకు రాసి, వాళ్ల ఆధ్వర్యంలో పరీక్ష తవ్వకం కోరండి. అప్పుడు అసలు ఎంపిక వస్తుంది: చదరపు గుంతా, పొడుగు ట్రెంచా?

మన శాఖల అలవాటు చదరపు గుంత. 1940ల్లో కేంద్ర శాఖ అధిపతిగా ఉన్న మార్టిమర్ వీలర్ నేర్పిన పద్ధతి అది, గళ్లు గీసి మధ్యలో బాల్క్ (తవ్వని మట్టి గోడ) వదిలి తవ్వడం. పొరల మీద పొరలుగా నాలుగైదు మీటర్లు పేరుకున్న దిబ్బకు ఇదే సరైనది. ఎంత లోతు ఉంది, ఎన్ని కాలాల ఊళ్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి అన్నదానికి జవాబు ఒక్క లోతైన గుంతలో దొరుకుతుంది. కానీ బిల్డర్‌కు కావలసింది సాధారణంగా వేరే జవాబు: "నా పదెకరాల్లో ఇది ఏ మూల దాకా ఉంది?" దానికి పొడుగు ట్రెంచ్ కావాలి. సమాధుల చుట్టూ పేర్చిన, పదిహేను మీటర్ల వ్యాసం ఉన్న రాతి వలయాల మధ్య చిన్న గుంత ఖాళీ నేల మీద పడి "ఏమీ లేదు" అనిపించవచ్చు. ముప్పై మీటర్ల ట్రెంచ్ ఏదో ఒక గోడనో కందకాన్నో అడ్డంగా కోస్తుంది.

ఇంగ్లండ్‌లో మొత్తం విస్తీర్ణంలో రెండు నుంచి ఐదు శాతం దాకా ట్రెంచ్‌లతో తెరిచి చూడడం అలవాటు. మన పదెకరాలకు లెక్క వేద్దాం. పదెకరాలు సుమారు 40,500 చదరపు మీటర్లు. మూడు శాతం అంటే 1,200 పైచిలుకు. 30 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ట్రెంచ్ ఒక్కోటి 60 చదరపు మీటర్లు. అంటే ఇరవై ట్రెంచ్‌లు. పైమట్టిని పళ్లు లేని బకెట్‌తో పలుచగా గీకి, ఆనవాలు కనిపించగానే మెషీన్ ఆపి చేత్తో సాగాలి. ఇదంతా ఆ ఊరి కూలీలతోనే, రెండు మూడు వారాల్లో తెమిలే పని. రెండు గుంతలు తీసి "క్లియర్" అని రాసే దానికీ దీనికీ తేడా మీకే తెలుస్తుంది.

దొరికాక నాలుగు దారులు

ఇక్కడే అందరూ తడబడతారు. దొరికినదాన్ని ఏం చేయాలి అన్నదానికి నాలుగు దారులున్నాయి. నాలుగింటినీ మన నేల మీదే చూశాం.

మొదటిది, ప్లాన్ మార్చడం. స్థలాన్ని తవ్వకుండా అలాగే ఉంచి, దాని మీద పార్కో ఖాళీ స్థలమో వచ్చేలా లేఔట్ జరపడం. ఎలాగూ మున్సిపల్ నిబంధనల ప్రకారం లేఔట్‌లో కొంత ఖాళీ స్థలం వదలాలి. ఆ ముక్కను మూలకు తోసేసే బదులు రాతి వలయాల మీదికి తేవడానికి డ్రాయింగ్ ఫీజు తప్ప ఖర్చు లేదు. నేను ఎప్పుడూ మొదట చెప్పేది ఇదే. ఒక్క షరతు ఉంది: ఆ పార్కులో లోతుగా వేళ్లు దిగే చెట్లు నాటకూడదు, బోరు వేయకూడదు.

రెండోది, తవ్వి, కొలిచి, బొమ్మలు గీసి, వస్తువులు తీసి, తర్వాత నేలను వదిలేయడం. దీన్ని పెద్ద ఎత్తున చేసింది నాగార్జునకొండలో. 1926లో ఎ.ఆర్. సరస్వతి ఆ లోయలోని శిథిలాలను వెలుగులోకి తెచ్చారు. 1927 నుంచి లాంగ్‌హర్స్ట్ కొన్ని స్తూపాలు, విహారాలు తవ్వారు. ఆనకట్ట వస్తుందని తేలాక 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వకం మొదలైంది, 1960 దాకా సాగింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి ఆ పని నడుస్తూనే ఉంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, స్నానఘట్టాలు, రంగస్థలం, పాతరాతి యుగం పనిముట్లు, అన్నీ ఆ ఆరేళ్లలో వచ్చాయి. ఇదొక గొప్ప పని. కానీ ఈ దారి ఎంచుకునేవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆ తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది, రెండోది 2006లో. నేల నీళ్ల కింద ఉంది, రాత అల్మరాలో ఉంది. తవ్వకానికి డబ్బు ఇచ్చేవాళ్లు నివేదికకు, వస్తువుల భద్రతకు కూడా మొదటి రోజే డబ్బు విడిగా పెట్టాలి. లేకపోతే తవ్వి పారేసినట్టే.

మూడోది, కట్టడాన్ని విప్పి వేరేచోట నిలబెట్టడం. నాగార్జునకొండలోనే తొమ్మిది కట్టడాలను కొండ మీదికి తరలించారు, మరికొన్నిటికి నమూనాలు కట్టారు. రంగస్థలం ఇప్పుడు అనుపులో ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు సమయంలో కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. (ఏటా మునిగి వేసవిలో తేలే సంగమేశ్వరం గుడి ఇది కాదు, అది వేరు.) పని అద్భుతంగా చేశారు. అయినా సంగమం లేని చోట సంగమేశ్వరుడు నిలబడ్డాడు. తరలింపు రాతి గుడికి పనికొస్తుంది. ఇటుక గోడకు కష్టం, మట్టి పొరలకు అసాధ్యం. ఊరు, వీధి, చెత్తగుంత, పొయ్యి, వీటిని ఎవరూ మోసుకుపోలేరు. సమాధి బండలైనా తేలిక అనుకోకండి: 2017లో సిద్దిపేట జిల్లా నర్మెటలో ఒక సమాధి పైకప్పు బండ బరువు 40 టన్నుల పైమాటే. దాన్ని ఎత్తడానికి భారీ క్రేన్ రావాల్సి వచ్చింది. ప్రైవేటు వెంచర్‌కు ఈ దారి నేను ఎప్పుడూ సూచించలేదు.

నాలుగోది, ప్రాజెక్టునే వేరేచోటికి జరపడం. వినడానికి అసాధ్యంగా ఉంటుంది. కానీ తొట్లకొండ మన కళ్ల ముందు ఉంది. 1976లో విశాఖ తీరంలో నౌకాస్థావరం కోసం నౌకాదళం విమానంలో సర్వే చేస్తుండగా కొండ మీద శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి రాష్ట్ర శాఖ తవ్వితే స్తూపాలు, విహారాలు, నీటి తొట్లతో బౌద్ధ ఆరామం మొత్తం కనిపించింది. అంత పెద్ద స్థావరానికి చోటు వెతికే పనిలోనే ఇది దొరికింది, ఇంకా పునాదులు తీయలేదు కాబట్టి అది నిలిచింది.

అసలు పరిశీలనే లేకపోతే ఏమవుతుందో భట్టిప్రోలు చెబుతుంది. 19వ శతాబ్దంలో ఆ స్తూపం ఇటుకా రాయీ రోడ్డు పనికీ కాలువ పనికీ పోయాయి. మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రీ తవ్వితే బ్రాహ్మీ అక్షరాలతో ధాతు కరండాలు (అస్థికలు దాచిన పేటికలు) దొరికాయి. దక్షిణాదిలో లిపి చరిత్ర చెప్పేవాళ్లందరూ ఇప్పటికీ ఆ అక్షరాల దగ్గరికే వస్తారు. రోడ్డు కింద పోయిన వాటి మీద ఏమి రాసి ఉందో ఎవరికి తెలుసు?

మీ నేల ఏది?

గ్రానైటు గుట్టల పక్కన ఎర్ర నేల, రాళ్ల వలయాలు పైకే కనిపిస్తున్నాయి. దీనికి మెషీన్ వద్దు. నడిచి, ప్రతి వలయాన్నీ జీపీఎస్‌తో గుర్తించి, వాటి చుట్టూ పార్కు గీయండి. వారం పని.

డెల్టాలో పొలం, పక్కన ఎత్తైన దిబ్బ, అక్కడక్కడ పెద్ద ఇటుకలు. దిబ్బను ముట్టుకోకండి. మిగతా నేలకు పాత ఉపగ్రహ ఫోటోలు, మాగ్నెటోమీటర్, ఆపైన సాయిల్ టెస్ట్ గుంతల దగ్గర ఒక మనిషి. దిబ్బ అంచు ఇప్పుడు కనిపించే చోటే ఆగిపోదు, దున్ని దున్ని తగ్గిపోయి ఉంటుంది. కనీసం యాభై మీటర్లు అవతల దాకా అనుమానించండి.

పాత కోట ఊళ్లో ఇల్లు కూల్చి అపార్ట్‌మెంటు. ఇక్కడ స్థలం చిన్నది, ఎంపికలూ తక్కువే. సెల్లార్ వద్దనుకోవడమే పెద్ద నిర్ణయం. పునాది ఒకటిన్నర మీటరు దగ్గర ఆపి రాఫ్ట్ (భవనం మొత్తానికి ఒకే కాంక్రీటు పలక) వేయగలరేమో ఇంజనీర్‌ను అడగండి. కింద ఉన్నది కింద ఉండిపోతుంది, మీ పనీ ఆగదు.

రిజర్వాయరు, రింగ్ రోడ్డు, పారిశ్రామిక వాడ లాంటి వందల ఎకరాల పని. దీనికి ఒక్క పద్ధతి చాలదు: కాగితాలు, నడక, అనుమానం ఉన్నచోట మాత్రమే మెషీన్, అక్కడి నుంచి ట్రెంచ్‌లు. ముంపు ప్రాజెక్టయితే ప్లాన్ మార్చే దారి మూసుకుపోతుంది, రెండో దారి ఒక్కటే మిగులుతుంది. దానికి ఒక సీజన్ సరిపోదు. నాగార్జునకొండకు ఆరేళ్లు పట్టింది, అదీ అంతకు ముందు దాదాపు ముప్పై ఏళ్లుగా ఆ లోయ గురించి తెలిసి ఉండగా.

పిలిచే మనిషిని ఎంచుకోవడం గురించి. "మీరు ఇంతకు ముందు ఎక్కడ తవ్వారు, ఆ నివేదిక ఎక్కడుంది?" అని అడగండి. పెంకు చేతిలో పెడితే ఏ కాలమో, ఎందుకు అలా అంటున్నారో చెప్పగలగాలి. ఎన్‌ఓసీ తెప్పించే బాధ్యత కూడా తనదే అని ముందే మాట ఇచ్చేవాళ్లను దూరం పెట్టండి. పరిశీలించేవాడికి జవాబు ముందే తెలిసి ఉండకూడదు.

అన్నీ చేశాక కూడా, పునాదులు తీసే రోజుల్లో ఒక మనిషి జేసీబీ పక్కన నిలబడి చూడడం మానకండి. కాంట్రాక్టర్‌తో రాసుకునే ఒప్పందంలో ఒక వాక్యం చేర్చండి: పాత కట్టడం గానీ వస్తువు గానీ కనిపిస్తే ఆ చోట పని ఆపి, వేరే మూలలో సాగించాలి, ఆగిన రోజులకు మెషీన్ బాడుగ ఓనర్‌దే అని. బాడుగ తన నెత్తిన పడుతుందని తెలిసిన డ్రైవర్‌కు ఆ పెద్ద ఇటుక ఎప్పటికీ కనపడదు.